ఆరని మూల

జూలై పదకొండో తారీఖున దస్తగిరి ఉస్తాద్‌కి అన్యాయం జరిగింది. చేసింది పరాయివాళ్లు కాదు. ఆరేళ్లు పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన శిష్యురాలు సైదమ్మ.

ఆడది పుట్టీ లాగే బ్లేడు పడితే గోడ మైలపడుతుందన్నట్టు మొహాలు పెట్టిన మేస్త్రీల మధ్య, బోర్డులు మోసే సైదమ్మ చేతికి బ్లేడిచ్చినవాడు ఆయనొక్కడే.

ఆ ముసురులో క్షయ ఆసుపత్రి పెద్ద వార్డుని జిప్సం బోర్డులతో గదులుగా విడగొడుతున్నారు. బయట వాన, పక్క వార్డులో దగ్గులు. కాంట్రాక్టర్ వచ్చి గోడలు చూసి ఎగిరిపడ్డాడు.

"ఒక్కో మూలకి రెండ్రోజులేంది, ముసలాయనా?"

దస్తగిరి జవాబు చెప్పేలోపే సైదమ్మ అందుకుంది.

"నాకిస్తే ఒక్కరోజుల లాగేస్త సార్."

నోరు జారిందని తర్వాత తనే చెప్పుకుంది. జారలేదు. ఆ మాట ఆమె నోట్లో ఎప్పట్నించో నానుతోంది.

"అయితే ఇయ్యాల్టి సంది నువ్వే మేస్త్రీవి. పద్నాలుగున ఇంజినీర్ సారొస్తడు. మూలలు నచ్చలేదనుకో, మళ్ల బోర్డులే మోస్తవ్."

ఉస్తాద్‌కి పుట్టీ కలిపే పని పడింది. ఆయన బకెట్ అందుకున్నాడు.

రెండు బోర్డులు కలిసే లోపలి మూలలో ముందు పుట్టీ రాసి, కాగితం టేపుని నిలువునా మడిచి అందులో ఒత్తాలి. దాని పైపూత ఒక వైపే లాగాలి. అది ఆరాకే రెండో వైపు; ఈ ముసురులో ఆరడానికి రెండ్రోజులు పడుతుంది. ఉస్తాద్ నేర్పింది అదే. పన్నెండున సైదమ్మ రెండు వైపులా ఒక్కసారే లాగింది. కుడివైపు నున్నగా చేస్తే బ్లేడు మొన ఎడమవైపు పచ్చిని గీరింది. ఎడమవైపు సర్దితే కుడివైపు చీరుకుపోయింది. సాయంత్రానికి విసుగెత్తి, గీతలు కనపడకుండా దట్టంగా మెత్తేసింది.

పదమూడు పొద్దున చూస్తే కాగితం బొబ్బలెక్కి ఉంది. మెత్తిన పుట్టీ కిందికి జారింది. ప్రతి మూలా అంతే.

సైదమ్మ తిన్నగా బకెట్ దగ్గరికెళ్లింది.

"పుట్టీ పల్సగ కలిపినవ్ గదా ఉస్తాద్? నా మీద కోపం గోడ మీద తీర్చుకున్నవా?"

దస్తగిరి కలిపే కర్రని బకెట్ నడుమ గుచ్చి చెయ్యి తీసేశాడు. కర్ర ఒరగలేదు. నిటారుగా నిలబడింది.

సైదమ్మ బ్లేడు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఒక మూల ఎంచుకుని పాత టేపు చీరేశాడు. గోడ గీకి, కొత్త కాగితం ఒత్తి, ఒక వైపు పుట్టీ లాగాడు. బ్లేడు తుడిచి చంకలో పెట్టుకుని కూర్చున్నాడు.

"రెండో వైపు?"

"తాకి సూడు, బిడ్డా."

తాకింది. వేలిముద్ర పడింది. ఆయన లేచి ముద్రని చదును చేసి మళ్లీ కూర్చున్నాడు.

"రేపే ఇంజినీరొస్తడు ఉస్తాద్. ఈ సగం గోడ జూస్తే నన్ను బోర్డులు మొయ్యమంటరు."

"మొయ్యి."

పక్క వార్డులో ఎవరికో దగ్గు ఆగడం లేదు. సైదమ్మ నేల మీద కూలబడింది. ఆమె గొంతులో పొగరంతా చచ్చిపోయింది.

"మేస్త్రీగిరీ పోతే పోనీ. నీ అన్నం తిని నీ కడుపు మీద గొట్టిన. మాఫ్ చేసిన అని ఒక్క మాట అను. గదొక్కటన్న ఇయ్యాల తేలిపోనీ."

దస్తగిరి ఆమె వైపు చూడలేదు. చెవి వెనక పెన్సిల్ తీసి, పుట్టీ తగలని రెండో వైపు, పొడి బోర్డు మీద, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు.

జూలై 15.