గెస్ట్ హౌస్ పేరున ఉన్న మిషన్

సన్యాసిరావు మాస్టారికి ఒక అలవాటుంది. ఏది మంచిదని ఎవరైనా అడిగితే సూటిగా చెప్పరు, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. కంప్యూటర్ల పని నేర్చుకోవడానికి ఆయన దగ్గరకొచ్చేవాళ్లకి ఇది మహా చిరాకు. వైదేహికీ అంతే. ఆమె పనిచేసే ఆసుపత్రిలో మూడొందల కంప్యూటర్లున్నాయి. వాటన్నిటినీ ఒక్కచోట నుంచి చూసుకోవడానికి, అప్‌డేట్లు పంపడానికి, అవసరమైతే ఆపి మళ్లీ లేపడానికి ఒక సర్వర్ పెట్టాలి. కొనుక్కునేది ఒకటుంది, ఉచితంగా దొరికేది ఒకటుంది. రెండిటి గుణదోషాలూ నలభై వరసల పట్టికగా రాసుకొచ్చి, "ఏది పెట్టమంటారు మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు పట్టికంతా చదివి బాగుందన్నారు. తర్వాత తాను చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసిన రోజుల్లోకి వెళ్లిపోయారు. చక్కెర ఫ్యాక్టరీ సంగతే గానీ తియ్యగా ఉండదు, ముందే చెబుతున్నాను.

అప్పటికి ఆయనకి ముప్పై ఆరేళ్లు. కంప్యూటర్ల విభాగానికి పెద్ద. అక్కడా ఇదే ప్రశ్న వచ్చింది. మేనేజరుగారు కొనుక్కునే సర్వర్ అన్నారు, ఈయన ఉచితంగా దొరికేదే అన్నారు. మూడు నెలలు వాదించుకున్నారు. ఈయన నిద్రలో కూడా వాదించేవారట, భార్య విసుక్కునేదట. చివరికి ఈయన మాటే నెగ్గింది. కాలర్ ఎగరేసుకుని తిరిగానని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ హడావిడిలో ఒకరోజు కూర్మారావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాటా దగ్గర చెరకు తూచి, కంప్యూటర్లో చీటీ తీసి రైతులకి ఇచ్చే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే పని, ఇంకా రోజుకూలీయే. నోట్లో నాలుక లేనివాడు.

"బాబూ, కొత్తది పెట్టినాక నా మిషన్ కూడా ఇక్కణ్ణుంచే ఆపేస్తారంట కదా. ఆపే ముందర ఒక్క మాట సెప్పండి. బళ్లోళ్లకి నేను సెప్పుకుంటాను."

"అలాగేలే," అన్నారు సన్యాసిరావు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

సర్వర్ పెట్టాక కంప్యూటర్లను జట్లుగా విడగొట్టి, ఏ జట్టుకి ఏ వేళ అప్‌డేట్ వెళ్లాలో చెప్పాలి. ఈయన స్టోర్స్ రిజిస్టరు తెప్పించి, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించేశారు. ఆ ఫ్యాక్టరీలో ఒక వింత ఆచారం ఉండేది. ఏ వస్తువైనా ఏ విభాగం పేరున వచ్చిందో, పాడై పారేసేదాకా రిజిస్టరులో ఆ పేరునే ఉంటుంది, ఎక్కడికి మోసుకుపోయినా సరే. క్యాంటీన్లో కూరగాయలు తరిగే బల్ల ప్రయోగశాల పేరున ఉండేది. కాటా దగ్గర పాత కంప్యూటర్ పాడైనప్పుడు, గెస్ట్ హౌస్‌లో ఊరికే పడున్న దాన్ని తెచ్చి అక్కడ పెట్టారు. రిజిస్టరులో మాత్రం అది గెస్ట్ హౌస్‌దే. ఇలాంటివి ఉంటాయని ప్రతి ప్యూనుకీ తెలుసు, సన్యాసిరావుకీ తెలుసు. కానీ నాలుగడుగులు వేసి చూసి రావాలని తోచలేదు. సర్వర్ గెలిచిన సంబరంలో కాటా ఎవరికి గుర్తు? గెస్ట్ హౌస్‌లో పగలు ఎవరూ ఉండరు కదా అని, ఆ జట్టుకి మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ పెట్టేశారు.

చెరకు గానుగాడే క్రషింగ్ మంచి ఊపు మీదున్న రోజుల్లో ఒక మంగళవారం, గేటు బయట అరవై ట్రాక్టర్లు ఎండలో నిలబడి ఉండగా, కాటా కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. కూర్మారావుకి ఇంగ్లీషు రాదు. ఫోన్ చేస్తే సన్యాసిరావు భోజనానికి వెళ్లారన్నారు. చెరకు ఎండేకొద్దీ తూకం పడిపోతుంది, రైతులు ఊరుకుంటారా? కిటికీ మీద పడి నానా తిట్లూ తిట్టారు. పాపం కూర్మారావు గంటసేపు చూసి, చివరికి తీగ పీకి మళ్లీ పెట్టాడు. మిషన్ ఇక లేవలేదు. మర్నాటి దాకా కాటా నడవలేదు.

విచారణ జరిగింది. మేనేజరుగారు మొదట సర్వర్‌నే పట్టుకున్నారు. "ఇదేనా నీ ఉచితం సర్వర్ నిర్వాకం?" అన్నారు. సన్యాసిరావుకి ఒళ్లు మండింది. సర్వర్ తనలో రాసుకున్న చిట్టా మొత్తం అచ్చు తీయించి, నిమిషం నిమిషం ఏం జరిగిందో చూపించారు. సర్వర్ చెప్పిన పనే చేసింది, చెప్పిన వేళకే చేసింది. ఆపవద్దని తెర మీద రాసి ఉండగా తీగ పీకింది కూర్మారావు. అంతా నిజమే, ఒక్క అక్షరం అబద్ధం లేదు. రిజిస్టరు సంగతి ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు.

నువ్వేమంటావని కూర్మారావుని అడిగారు.

"సెప్తానన్నారు కదా బాబూ," అన్నాడు అతను, ఈయన వైపు చూసి. ఆ వారంలోనే అతన్ని పనిలోంచి తీసేశారు. తీసేసిన కాగితం మీద సన్యాసిరావు సంతకం కూడా ఉంది.

ఇదంతా విన్నాక వైదేహికి మాస్టారి మీద కోపం వచ్చింది. దాచుకోలేదు కూడా.

"మేనేజరుగారు చెప్పిన సర్వరే పెట్టి ఉంటే కూర్మారావు ఉద్యోగం నిలిచేదేమో కదండీ?"

"అదీ పన్నెండింటికే ఆపేదమ్మా."

"మరి కూర్మారావు ఏమయ్యాడు?"

"తెలీదు. నేను కనుక్కోలేదు," అన్నారు మాస్టారు. "సర్వర్ మాత్రం పదకొండేళ్లు ఒక్కరోజు కూడా ఆగకుండా నడిచింది. చాలా మంచి సర్వర్."