తలుపు వేసి ఉంది

పారినాయుడు గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ సందేహం అడిగినా ముందు "చిరునామా?" అనేవారు. అంటే ఆ సందేహం ఎవరికి వచ్చింది, ఏ పనిలో ఉండగా వచ్చింది, అని. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో టపా పంచిన మనిషి. ఉద్యోగం అయిపోయాక శనివారాలు పొద్దున తన వరండాలో మాలాంటి పదిమందికి వేదాంతం చెప్పేవారు. చిరునామా లేని ప్రశ్న ఆయన దగ్గర ఎన్నాళ్ళైనా అలాగే పడి ఉండేది.

ఒక శనివారం జోగారావు అడిగాడు. అతనికి బజారులో గాజులూ రిబ్బన్లూ అమ్మే ఫ్యాన్సీ కొట్టు ఉంది. మా అందరిలోకీ శ్రద్ధగా వినేవాడు అతనే. ఆ మధ్య రెండు వారాలు రాలేదు, వచ్చేసరికి మనిషి సగమై వచ్చాడు.

"గురువుగారూ, ఉన్నది జారిపోతుంటే పట్టుకుని వేలాడటం మోహమే కదా? వాళ్ళనీ వీళ్ళనీ సాయం అడిగి చిన్నబోయే కంటే, పోతే పోనీ అని వదిలెయ్యడమే వైరాగ్యం కదా?"

మేమంతా ఆహా అన్నట్టు తలలూపాం. నేనైతే నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. మా బుద్ధి అంతే లెండి, మాట కాస్త పెద్దదైతే చాలు, లొంగిపోతాం.

"చిరునామా?" అన్నారు గురువుగారు.

"ఫలానా వాళ్ళకని కాదండీ. సాధారణంగా..."

"సాధారణం అనే వీధిలో నేనెప్పుడూ టపా ఇవ్వలేదు నాయనా," అన్నారాయన. కాసేపు జోగారావు మొహం కేసీ, అతని ఒళ్ళో ఉన్న పుస్తకం కేసీ చూశారు. తర్వాత తన ఉద్యోగపు రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పారు. నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. మధ్యలో నా నోరు ఊరుకోకపోతే మన్నించాలి.

ఆయన టపా తిరిగే వీధుల్లో సన్యాసిరావు, నూకరత్నం అని మొగుడూ పెళ్ళాం ఉండేవారు. అతను సొంత ఆటోలో గోనెసంచుల మిల్లుకి సరుకు తోలేవాడు. ఆవిడ ఇంటి గుమ్మంలోనే పొయ్యి పెట్టి అట్లు వేసి అమ్మేది. బ్యాంకు అప్పు తీసుకుని రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నారు. ఏడేళ్ళు వాయిదాలు సక్రమంగానే కట్టారు. మిల్లు మూతపడింది, ఆటోకి బేరాలు పోయాయి, వాయిదాలు ఆగిపోయాయి. బ్యాంకు నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. సన్యాసిరావు వీధి మొగలోనే పారినాయుడు గారి సైకిలు ఆపి, ఆయన చేతులు పట్టుకున్నాడు. "అన్నా, ఇది తీసుకుంటే ఇల్లు పోయినట్టే. తలుపేసుందని రాసీ అన్నా, నీకు పుణ్యముంటది," అన్నాడు.

మన ఊళ్ళలో ఇదొక నమ్మకం. సంతకం పెట్టకపోతే ఉత్తరం రానట్టే, ఉత్తరం రాకపోతే అప్పు లేనట్టే. చదువుకున్నవాళ్ళకి కూడా ఈ జబ్బు ఉంది, పేర్లు అడక్కండి, మొదటి పేరు నాదే చెప్పాలి. పారినాయుడు గారికి జాలేసింది. కవరు మీద 'తలుపు వేసి ఉంది' అని రాసి వెనక్కి పంపేశారు. నెల తిరిగాక రెండోది వచ్చింది. దాన్నీ అలాగే పంపేశారు. ఆ రెండు రోజులూ ఇంటికెళ్ళి అన్నం తింటుంటే, ఒకరికి మేలు చేశానని మనసుకి ఎంతో హాయిగా ఉండేదట.

మూడోది వచ్చిన రోజు వీధి మొగలో సన్యాసిరావు లేడు. గుమ్మంలో నూకరత్నం అట్టు తిరగేస్తోంది. ఈయన కవరు సంచిలోంచి సగమే బయటికి తీసి, "వద్దంటే చెప్పమ్మా, తలుపు వేసుందని రాసేస్తాను," అన్నారు.

ఆవిడ అట్లకాడ కింద పెట్టింది. "ఏటన్నావు?"

"అదేనమ్మా, తలుపు..."

"నా తలుపెప్పుడేసుంది? ఐదింటికి పొయ్యి ఎలిగిస్తే పదకొండు దాకా ఈ గుమ్మంలోంచి కదల్ను. ఈదిలో సగం మంది ఇక్కడే తింటన్నారు. ఏ కళ్ళతో చూసి రాస్తావు బాబూ, తలుపేసుందని?"

మొదటి రెండు ఉత్తరాల సంగతి అప్పుడు బయటపడింది. వాయిదాలు ఆగాయని ఆవిడకి తెలుసు. ఉత్తరాలు వచ్చి వెళ్ళాయని మాత్రం తెలీదు. పెనం మీద అట్టు మాడి కంపు కొడుతున్నా కదలకుండా నిలబడిందట. తర్వాత సంతకం పెట్టి, కవరు చించి, అందులో కాగితం ఆయన చేతికే ఇచ్చింది. కాగితం నిండా ఇంగ్లీషు.

"చదువు," అంది.

"పంచడమే గానీ, చదవడం మా పని కాదమ్మా."

"రెండుసార్లు అబద్ధం రాయడం వచ్చింది కదా. ఒక్కసారి నిజం చదవడం రాదేటి?"

ఆయన తెలుగులో చెబుతూ చదివారు. అరవై రోజుల్లో మొత్తం అప్పు తీర్చకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని ఉంది. చివర్లో, అభ్యంతరం ఏదైనా ఉంటే రాసి తెలుపుకోవచ్చని కూడా ఉంది. ఆ చివరి మాట ఆవిడ రెండోసారి చదివించుకుంది.

మధ్యాహ్నం సన్యాసిరావు ఇంటికొచ్చి, ఉత్తరం చూసి కూలబడిపోయాడు. "తాళమేసి మా అక్క ఊరెళిపోదామే. బ్యాంకుకెళ్తే పరువు పోద్ది," అన్నాడు.

"ఇల్లు పోయాక ఆ పరువునెక్కడెట్టుకుంటావు?" అంది ఆవిడ. మర్నాడు పొద్దున పొయ్యి ఆర్పగానే ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. పారినాయుడు గారిని కూడా రమ్మంది. బతిమాలడం ఏమీ లేదు. "రాసింది నువ్వు, నువ్వే రావాల," అంది. ఈయన ఖాకీ బట్టల్లో, భుజాన సంచితో, తప్పు చేసిన పిల్లాడిలా వెనకాలే వెళ్ళారు.

బ్యాంకులో అప్పుల విభాగం ఆఫీసరు ఫైలు తీసి, తిరిగొచ్చిన కవర్లు రెండూ బల్ల మీద పడేశాడు. "ఎన్నిసార్లు పంపాలమ్మా? పంపినప్పుడు తలుపులేసుకుని కూర్చుంటారు, అంతా అయ్యాక వచ్చి ఏడుస్తారు."

"ఎవరేడ్చారు?" అంది నూకరత్నం.

కవర్ల మీద తన చేతిరాత పారినాయుడు గారికి కనిపిస్తూనే ఉంది. ఒప్పుకుంటే ఉద్యోగానికే ముప్పు. అయినా ఒక అడుగు ముందుకేసి, "ఆ తలుపు తీసే ఉంది సార్. అలా రాసింది నేను," అన్నారు. ఆఫీసరు విసుక్కుంటూ కవర్లు చించాడు. రెండింటిలోనూ ఒకటే సంగతి. మీ ఇబ్బంది ఏమిటో వచ్చి చెప్పండి, వాయిదా తగ్గించి గడువు పెంచే వీలుంటే చూస్తాం, ఫలానా తేదీలోగా రండి, అని. రెండోదాంట్లో ఇచ్చిన తేదీ కూడా దాటిపోయి మూడు వారాలైంది.

ఇక్కడికొచ్చేసరికి గురువుగారు తన రెండు చేతులూ చూసుకున్నారు. "నేను వాళ్ళ ఇల్లు కాపాడుతున్నాననుకున్నాను. సాయం వాళ్ళని వెతుక్కుంటూ వస్తే, వీధి మొగ దాకా మోసుకొచ్చి, రెండుసార్లూ నేనే తిప్పి పంపించాను," అన్నారు. ఈసారి మాలో ఎవరమూ తలూపలేదు.

ఆఫీసరు కవర్లు మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు. "ఆ అవకాశం అయిపోయిందమ్మా. ఇక నా చేతుల్లో లేదు. మేనేజరుగారి కాళ్ళ మీద పడితే ఏమైనా..." అని నసిగాడు.

"అడుక్కోడానికి రాలేదు బాబూ. అడగడానికొచ్చాను."

"రెండింటికీ తేడా ఏంటో?" అని నవ్వాడతను.

"అడుక్కుంటే నువ్వు నవ్వొచ్చు. అడిగితే జవాబివ్వాల," అని నూకరత్నం కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏడేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టాం. ఐదు నెలలు కట్టలేదు, అది మా తప్పే. అట్ల మీద నెలకి సగం వాయిదా కట్టగలను, అంతకు మించి కట్టలేను. గడువు పెంచుతారా, పెంచరా? పెంచం అంటే ఆ మాటే కాయితం మీద రాసి, సంతకం పెట్టి ఇయ్యి. కోర్టులో డబ్బు తీసుకోకుండా కేసులు చూసే లాయరమ్మ ఉందని మా గుమ్మంలో తినే గుమాస్తా చెప్పాడు. ఆయమ్మకి చూపించుకుంటాను."

కాదనడానికి నోటికేం, ఎంతసేపు! రాసి సంతకం పెట్టమంటేనే కలం కదలదు. ఆఫీసరు లేచి మేనేజరు గదిలోకి వెళ్ళొచ్చి, "అర్జీ పెట్టుకోండి, చూద్దాం," అన్నాడు. ఆవిడ ఆ లాయరమ్మ చేత అభ్యంతరం రాయించి బ్యాంకులో ఇచ్చింది, ముట్టినట్టు రసీదు తీసుకుంది. నెల రోజులు తిప్పారు. రోజూ అట్లు అయిపోగానే వెళ్ళి అదే కుర్చీలో కూర్చునేది. ఆవిణ్ణి చూస్తే ఆఫీసరే నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళిపోయేవాడట. అరవై రోజులు నిండక ముందే వాయిదా సగానికి తగ్గించి, ఆ మేరకు గడువు పొడిగిస్తున్నామని కాగితం ఇచ్చారు. నా ఒళ్ళు పులకరించింది సుమండీ! సంగతి పోస్టాఫీసు దాకా వెళ్ళి, పారినాయుడు గారికి మాత్రం ఇంక్రిమెంటు ఆపేశారు. ఆ శిక్ష తక్కువేనని ఆయన ఇప్పటికీ అంటారు. ఇల్లు అలాగే ఉంది, గుమ్మంలో పొయ్యి కూడా ఉంది.

చెప్పడం అయిపోయింది. జోగారావు తలెత్తలేదు. "బావుందండీ. కానీ నేనడిగిన వైరాగ్యం సంగతి..." అన్నాడు.

గురువుగారు చెయ్యి చాచి అతని ఒళ్ళో పుస్తకం అందుకున్నారు. పేజీ గుర్తుకి పెట్టుకున్న చీటీ ఒకటి బయటికి లాగారు. మా కళ్ళకి అదొక కాగితం ముక్క. అలాంటివి వేలకు వేలు తన చేత్తో రాసిన మనిషికి, అంచు కనిపిస్తేనే తెలిసిపోయింది. బ్యాంకు నుంచి మీకు రిజిస్టరు ఉత్తరం వచ్చింది, తలుపు వేసి ఉంది, ఏడు రోజుల్లోగా పోస్టాఫీసుకొచ్చి తీసుకోగలరు, అని ఉంది దాని మీద.

"ఇవాళ ఆరో రోజు," అన్నారు గురువుగారు. "కౌంటరు ఒంటిగంట దాకా తీసి ఉంటుంది."

"వదిలేద్దామనుకున్నానండీ," అన్నాడు జోగారావు, వినపడీ వినపడనట్టు. కళ్ళ నీళ్ళు జారి చొక్కా మీద పడుతున్నాయి.

గురువుగారు ఆ చీటీ అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"లే. వదిలెయ్యాలన్నా ముందు చేతికి రావాలి కదయ్యా."