మిల్లుకు వద్దన్న సాఫ్ట్‌వేర్

కంప్యూటర్లు పల్లెలకు దిగిన కొత్తలో గరుగుపాడు సహకార సంఘానికీ ఒకటి వచ్చింది. రైతులకు విత్తనాలిచ్చే చీటీలన్నీ దాన్నుంచే రావాలి.

వాన పడి వేరుశనగ విత్తడానికి నేలలో పదును కుదిరిన రోజునే, సంఘం ప్రెసిడెంటు భూషయ్య తన బావమరిది అమ్మే కొత్త సాఫ్ట్‌వేర్‌ను అతని చేతే అందులో ఎక్కించాడు. అంతే, కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ వేసినా మౌస్ కదల్లేదు.

"ఆ కొత్తది తీసేస్తే నడుస్తుందండీ," అంది ఆపరేటర్ నాంచారమ్మ.

"అది బంగారం. నీ చెయ్యి పడ్డాకే పాడైంది. రేపట్నుంచి రాకు," అన్నాడు భూషయ్య.

నాంచారమ్మకు ఒళ్లు మండింది. వరండాలో రైతులు పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నారు. ఎండకు పదును ఆరిపోతోంది. ఆమె అందరికీ వినబడేలా అంది:

"సరేనండీ, తప్పు నా చేతిదే. మీ నూనె మిల్లు కంప్యూటర్‌ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఇదే సాఫ్ట్‌వేర్ మీ బావమరిదిగారిని అందులో ఎక్కించమనండి. నడిస్తే ఇప్పుడే వెళ్లిపోతాను."

"చాల్లే. మిల్లు ఆగిపోతే నష్టం నువ్వు కడతావా?" అని కసిరాడు భూషయ్య.

"ఎందుకాగుతుందండీ? అక్కడ నా చెయ్యి లేదుగా?"

రైతులు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. భూషయ్య బావమరిది కోసం చూశాడు. అతను వరండా చివర చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"తీసెయ్యమంటారా, మిల్లుకు పంపమంటారా?" అంది నాంచారమ్మ.

"తీసెయ్," అన్నాడు భూషయ్య నేల చూస్తూ.

నాంచారమ్మ కీబోర్డుతోనే సాఫ్ట్‌వేర్ తీసేసింది, మౌస్ కదిలింది. మొదటి చీటీని ముందున్న ముసలి రైతు చేతిలో పెట్టింది.

"పరిగెత్తు పెదనాన్నా, ఇంకా పదునుంది."