గుమ్మళ్ళవారి గుట్టు పెళ్ళి

మండపేటలో బాగా తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. గుమ్మళ్ళవారిని అడిగితే మాత్రం ముగ్గురన్నదమ్ములూ తడుముకోకుండా తమ ఇల్లేనంటారు. పెద్దాయన సత్యానందం, నడిపివాడు వరహాలు, ఆఖరివాడు చిట్టెబ్బాయి. సత్యానందం భార్య మాణిక్యాంబ కూడా ఔనంటుంది కాబట్టి నాలుగు ఓట్లు.

వాళ్ళ తాత పన్నెండు నోటుపుస్తకాలు పెట్టుకుని ఊరందరికీ పెళ్ళిళ్ళు కుదిర్చినవాడు. మనవలు ఆ పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంటి కింది భాగంలో ‘గుమ్మళ్ళ వివాహ సాఫ్ట్‌వేర్స్’ అని బోర్డు కట్టారు. కంప్యూటరు కొన్న రోజున తెర మీద ‘నిబంధనలన్నీ పూర్తిగా చదివాను, ఒప్పుకుంటున్నాను’ అని వచ్చింది. లోకంలో అందరూ చదవకుండానే నొక్కేస్తారట. గుమ్మళ్ళవారు అబద్ధం ఆడరు. ఇంగ్లీషు మాస్టారిని పిలిపించి, చాప వేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని పంతొమ్మిది రోజులు చదివించుకున్నారు. తర్వాత ‘నేను రోబోను కాను’ అని అడిగింది. సత్యానందం తొందరపడలేదు. మాణిక్యాంబ చేత గట్టిగా గిల్లించుకుని, నొప్పి పుట్టిందని తేలాక అప్పుడు నొక్కాడు.

డేటాకి కాపీ ఎప్పుడూ వేరే ఊళ్ళో ఉండాలని షాపువాడు చెప్పాడు. అంతే, రోజూ సాయంత్రం వరహాలు కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి, బస్సెక్కించి, రామచంద్రపురంలో మేనత్తగారింట్లో పెట్టి వచ్చేవాడు. పొద్దున్నే వెళ్ళి తెచ్చేవాడు. కంప్యూటరుకి టిక్కెట్టు కొట్టాలని కండక్టరు గొడవపడితే కొట్టించుకునేవాడు కూడా.

ఈ తెలివంతటికీ ఒక్కటే లోటు. చిట్టెబ్బాయికి ముప్పై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. కంప్యూటరు మీటనొక్కే పని అతనిదే కాబట్టి ఊళ్ళో తను ఐటీలో పనిచేస్తున్నానని చెప్పుకునేవాడు. ఆరేళ్ళలో నలభై ఒక్క పెళ్ళిళ్ళు కుదిర్చి, నలభై ఒక్కసారి ఇంకొకరి పెళ్ళిలో పప్పన్నం తిని, ఇంటికొచ్చి ఒక్కడే పడుకునేవాడు. ఈ ఏడైనా కావాలని అతని కోరిక. పైకి అనడు గానీ, పెళ్ళివాళ్ళు వచ్చినప్పుడల్లా కొత్త చొక్కా వేసుకుని కూర్చునేవాడు.

ఇట్లా ఉండగా టౌన్ హాల్లో కంప్యూటర్ల వాళ్ళందరికీ మీటింగు పెట్టారు. రాజమండ్రి నుంచి వకీలు భాస్కరం గారు వచ్చి కొత్త చట్టం గురించి చెప్పారు. “ఒకరి వివరాలు వాళ్ళు కాగితం మీద ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదు. పనికి ఎంత అవసరమో అంతే తీసుకోవాలి, ఒక్క ముక్క ఎక్కువ అడగకూడదు. చూపించక తప్పదనుకుంటే కప్పి చూపించాలి, ఇదిగో ఇలాగ” అని తెర మీద ఒక ఫోను నంబరు చూపించారు. ముందు వరసగా చుక్కలు, చివర నాలుగంకెలు. మిగతావాళ్ళంతా టీ తాగి వెళ్ళిపోయారు. గుమ్మళ్ళ అన్నదమ్ములు మాత్రం మాట పొల్లుపోకుండా రాసుకుని ఇంటికి తెచ్చారు.

“అందరి దగ్గరా సంతకాలు తీసుకొచ్చేద్దాం అన్నయ్యా” అన్నాడు వరహాలు.

“ఎలా తెస్తావు? వాళ్ళింటికెళ్ళాలంటే అడ్రసు చూడాలి. అడ్రసు చూడాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే నువ్వు వాళ్ళింటికెళ్ళాలి” అన్నాడు సత్యానందం.

అన్నయ్య బుర్రకి చిట్టెబ్బాయి లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాడు. ఇంత లోతుగా ఎవరు ఆలోచిస్తారు. కాబట్టి ఎవరి వివరాలూ ఎవరికీ చెప్పకుండా పెళ్ళిళ్ళు కుదర్చాలని తీర్మానం చేసుకున్నారు.

ఆ వారమే కొత్తపేట నుంచి కొబ్బరికాయల వ్యాపారి వీర్రాజు గారు వచ్చారు. కూతురు హైమావతికి సంబంధం కావాలట.

“మంచి కుర్రాడున్నాడాండి?”

“ఉన్నాడండి. బంగారంలాంటివాడు” అన్నాడు సత్యానందం.

“ఎవరబ్బాయండి?”

“చెప్పకూడదండి.”

“పోనీ ఏ ఊరండి?”

“అదీ చెప్పకూడదండి.”

“ఏం చేస్తుంటాడండి?”

“చేస్తున్నాడండి. ఏం చేస్తున్నాడో చెప్పకూడదు” అన్నాడు. ఆ కుర్రాడు ఎదురు కుర్చీలోనే కూర్చుని కంప్యూటరు మీద దుమ్ము తుడుస్తున్నాడు. చిట్టెబ్బాయికి చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల ఎత్తలేదు. ఎత్తితే తన మొహం అనే వివరం బయటపడుతుంది కదా.

వీర్రాజు గారు కాసేపు గెడ్డం గోక్కున్నారు. ఇంత గుట్టుగా ఉండే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు, వీళ్ళు చెప్పే కుర్రాడూ ఇలాంటివాడే అయ్యుంటాడు అనుకుని సరేనన్నారు. ఆయన వివరాలు వరహాలు కంప్యూటర్లో కొట్టాడు. పరాయివాళ్ళ సంగతులు తనెందుకు చూడాలని కళ్ళు మూసుకుని కొట్టాడు.

ఇంకేముంది, పెళ్ళిచూపులు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. పిల్లని చూపించక తప్పదు, కప్పకుండా చూపించకూడదు. మాణిక్యాంబ తేల్చేసింది.

“ఫోను నంబరుకి చివర నాలుగంకెలు చూపించారు. మరి మనిషికి చివర ఏముంటాయి? పాదాలు. అవి చూపిస్తే చాలు.”

ఆఫీసు గదిలో మధ్యన చీలమండల దాకా దుప్పటి కట్టారు. అటు హైమావతి, ఇటు చిట్టెబ్బాయి. దుప్పటి కింద నుంచి ఒకరి పాదాలు ఒకరికి కనబడుతున్నాయి. ఆ పిల్ల పాదాలకి పారాణి ఉంది, వెండి పట్టీలున్నాయి. చిట్టెబ్బాయి కన్నార్పకుండా చూశాడు. నలభై ఒక్క పెళ్ళిళ్ళలో ఇంత మంచి పాదాలు తను చూడలేదనిపించింది.

“మీ పేరేంటండి?” అంది అటునుంచి ఆ పిల్ల.

“బ్బాయి అండి” అన్నాడు చిట్టెబ్బాయి.

“ముందేముందండి?”

“ముందర చుక్కలండి.”

ఆ పిల్ల కుడికాలి బొటనవేలు ఊరికే కదిలింది. నవ్వుతోందని అతనికి అర్థమైంది.

“అయితే నా పేరు వతి అండి. ముందర నాకూ చుక్కలే” అంది.

అంతే, చిట్టెబ్బాయి మనసు ఆ దుప్పటి కింద నుంచి అటువైపు వెళ్ళిపోయింది. చట్టం మీద ఇంత గౌరవం ఉన్న పిల్ల ఎక్కడ దొరుకుతుంది. చేసుకుంటే ఈ పాదాలనే చేసుకుంటానని వదినతో చెప్పేశాడు. ఆ పిల్ల కూడా ఒప్పుకుంది. మండపేటలో, కొత్తపేటలో పేరు చివర బ్బాయి లేని మగాణ్ణి వెతకడం కష్టం కాబట్టి, ఎవరిని చేసుకుంటున్నావే అని స్నేహితురాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకుందట.

శుభలేఖలు అచ్చు వేయించారు. పెళ్ళికొడుకు పేరు ముందు చుక్కలు, చివర బ్బాయి. పెళ్ళికూతురు ముందు చుక్కలు, చివర వతి. ముహూర్తం ముందు చుక్కలు, చివర నిమిషాలకు. ఊరు ముందు చుక్కలు, చివర పేట. ప్రెస్సువాడు ఇన్ని చుక్కలు తన దగ్గర లేవని పక్క ప్రెస్సు నుంచి తెచ్చుకున్నాడు.

చుట్టాలు ఎవరికి తోచిన పేటకి వాళ్ళు బయల్దేరారు. కొందరు కొత్తపేట వెళ్ళారు, కొందరు అమలాపురం పక్కన ఏదో పేట వెళ్ళారు. సత్యానందం మేనమామ సూళ్ళూరుపేట దాకా వెళ్ళి, అక్కడ ఎవరి పెళ్ళో దొరికితే అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చాడు. మండపేట కల్యాణమండపంలో అయిదొందల మందికి వండితే, మగపెళ్ళివారి తరఫున వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు మైకు సెట్టు వాళ్ళు.

పంతులు గారు మైకులో గోత్రం చెప్పమన్నారు. సత్యానందం గబుక్కున మైకుకి చెయ్యి అడ్డుపెట్టాడు.

“ఇంతమందిలోనా పంతులు గారూ? కప్పి చెప్పండి.”

పంతులు గారు ఆయన వంక చూసి, ఖాళీ కుర్చీల వంక చూసి, ఫలానా గోత్రోద్భవస్య అని మొదలుపెట్టి ఫలానా ఫలానా అంటూనే కానిచ్చారు. జీలకర్రా బెల్లం దగ్గర వధూవరుల మధ్య తెర పట్టగానే అన్నదమ్ములు ముగ్గురూ మురిసిపోయారు. ఈ చట్టం పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలుసన్నమాట. తీరా తెర తీయబోతే సత్యానందం మళ్ళీ అడ్డొచ్చాడు.

“తెర తీయాలంటే అమ్మాయి కాగితం మీద సంతకం పెట్టాలండి.”

హైమావతి రెండు చేతులూ పెళ్ళికొడుకు నెత్తి మీద ఉన్నాయి. పక్కన మాణిక్యాంబ కాగితం పట్టుకుని నిలబడింది. ముహూర్తం దాటిపోతోంది. ఆ పిల్ల ఇంక ఆగలేక తెరని పళ్ళతో పట్టుకుని లాగి అవతల పారేసింది. పాదాలకంటే మొహం ఇంకా బాగుంది. చిట్టెబ్బాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషి.

పదకొండు రోజులు ఇద్దరూ హాయిగా ఉన్నారు. అతను ఆమెని ఏ ఊరనీ, ఏ వీధనీ అడగలేదు. కాపురానికి ఆ వివరం అవసరం లేదు కాబట్టి అడగకూడదు. ఇంకొంచెం అన్నం పెట్టనా అని మాత్రం రోజూ రెండుపూటలా అడిగేవాడు. ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళాలి. వీర్రాజు గారు కారు తెచ్చారు. ఎక్కబోతూ హైమావతి గుమ్మం దగ్గర ఆగింది.

“ఏవండీ, శ్రావణం మొదటి శుక్రవారం మీరొచ్చి నన్ను తీసుకెళ్ళాలి. ఆ రోజు రాలేదంటే నేనంటే మీకు ఇష్టం లేదనుకుంటాను. మళ్ళీ నేను అడగను, రమ్మన్నా రాను.”

“తప్పకుండా వస్తాను” అన్నాడు చిట్టెబ్బాయి. ఎక్కడికని అడగలేదు.

కారు వెళ్ళాక సత్యానందం వకీలు గారికి ఫోను చేశాడు. “ఒక సంబంధం కుదిర్చామండి. పెళ్ళి అయిపోయింది. ఆ వివరాలు ఏం చేయమంటారు?”

అది వాళ్ళింటి పెళ్ళేనని వకీలు గారికి ఏం తెలుసు. “పనైపోయాక దాచుకోవడం దేనికండి? తుడిచేయండి. ఎక్కడా ఆనవాలు మిగలకూడదు” అన్నారు.

ఇంకేముంది, తుడవడం మొదలుపెట్టారు. కంప్యూటర్లో తుడిచారు. రామచంద్రపురంలో కాపీ సంగతేంటని వరహాలు అడిగితే, అదీ ఇదే కంప్యూటరు కదా, మరింత మంచిదైందన్నాడు పెద్దాయన. శుభలేఖలు పొయ్యిలో పెట్టారు. ఆల్బమ్ తెచ్చి, పెళ్ళికూతురు ఉన్నంత మేర కత్తెరతో తీసేయమన్నారు. చిట్టెబ్బాయికి చెయ్యి రాలేదు. చట్టం కదా అని తనే కత్తిరించాడు, కత్తిరిస్తూ ఏడ్చాడు. చివరికి ఒక్క ఫోటోలో పాదాలు మాత్రం ఉంచుకుంటానని బతిమాలాడు. చివరి భాగం చూపించొచ్చని వకీలు గారే చెప్పారని సత్యానందం ఒప్పుకున్నాడు.

నెల తిరిగింది. శ్రావణం వచ్చింది. గురువారం పొద్దున్న చిట్టెబ్బాయి కొత్త చొక్కా వేసుకుని, పళ్ళూ పూలూ సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

“అన్నయ్యా, మా అత్తారిది ఏ ఊరు?”

“కంప్యూటర్లో ఉండేదిరా” అన్నాడు సత్యానందం.

“నడిపన్నయ్యా, కొట్టింది నువ్వే కదా.”

“కళ్ళు మూసుకుని కొట్టానురా. చూడలేదు. విన్నది తుడిచేయమన్న రోజే మర్చిపోయాను” అన్నాడు వరహాలు, కొంచెం గర్వంగానే.

రేపే శుక్రవారం. పాదాల ఫోటో చేత్తో పట్టుకుని చిట్టెబ్బాయి బస్టాండుకి పరిగెత్తాడు. వచ్చే ప్రతి ఆడమనిషి కాళ్ళూ వంగి చూడడం, ఫోటోతో సరిపోల్చుకోవడం. చేపల బుట్ట దించుతున్న ఒకావిడ మెడ పట్టుకుని లేపింది.

“ఏం చూస్తున్నావయ్యా?”

“మొహాలు చూడట్లేదండి, అది తప్పు. పాదాలే చూస్తున్నాను” అన్నాడు.

ఆ మాటకి ఆవిడ చెప్పు తీసింది. పక్కనున్న ఇద్దరు కూడా తీశారు. చిట్టెబ్బాయి చొక్కా చినిగి, పళ్ళు దొర్లిపోయి ఇంటికి చేరాడు.

శుక్రవారం తెల్లారింది. ఇంట్లో నలుగురూ కూర్చుని ఆలోచించారు. “మనది పెళ్ళిళ్ళు కుదిర్చే ఆఫీసే కదా, నువ్వూ అందరిలాగే దరఖాస్తు పెట్టుకో” అంది మాణిక్యాంబ. వదిన మాట బాగుందనిపించింది. చిట్టెబ్బాయి ఫారం తీసుకున్నాడు. ‘ఎలాంటి వధువు కావలెను’ అన్నచోట ‘నా భార్య’ అని రాశాడు. ‘వధువు ఊరు’ అన్నచోట ఆగిపోయాడు. గడియారం పదకొండైంది.

అప్పుడు ఆఫీసు ఫోను మోగింది. దగ్గర్లో ఉన్నది అతనే కాబట్టి అతనే తీశాడు.

“ఏవండీ, చిట్టెబ్బాయి గారున్నారాండి?”

గొంతు విన్నాడు. పోల్చుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. కానీ అవతలివాళ్ళు అడుగుతున్నది ఒక మనిషి వివరం, కాగితం మీద ఒప్పందం లేదు.

“ఉన్నారో లేదో మేం చెప్పకూడదండి.”

“మీరేనా మాట్లాడేది?”

“అదీ చెప్పకూడదండి.”

“ఇవాళ శుక్రవారమండి. పొద్దుట్నుంచీ వీధరుగు మీదే కూర్చున్నాను. దారి తెలియక రాలేదా ఏంటి? మా ఇల్లు ఎక్కడంటే, బస్సు దిగి...”

“వద్దండి, చెప్పకండి. అవసరం లేని వివరం మేం తీసుకోకూడదు” అని చిట్టెబ్బాయి కంగారుగా ఫోను పెట్టేశాడు. చెమట తుడుచుకున్నాడు.

“ఎవర్రా?” అన్నాడు సత్యానందం లోపల్నుంచి.

“ఎవరో చెప్పకూడదన్నయ్యా. అడ్రసు చెప్పబోతే తీసుకోలేదు.”

“శభాష్‌రా తమ్ముడూ.”

చిట్టెబ్బాయికి అంత దిగుల్లోనూ ఆ మెప్పు చల్లగా తగిలింది. మళ్ళీ ఫారం ముందుకు లాక్కుని, ఆమెది ఏ ఊరో చెప్పేవాళ్ళు ఎవరైనా దొరికితే బాగుండునని ఆలోచిస్తూ కూర్చున్నాడు.