పాలికల మన్ను

ప్రశ్న వేస్తే మా గురువుగారు వెంటనే జవాబు చెప్పరు. నేనేమో ప్రశ్న లేకపోయినా జవాబు చెప్తాను. అందుకే ఇన్నేళ్ళైనా శిష్యుడిగానే మిగిలాను. నగరం నడిబొడ్డున ఉన్న మా ఆశ్రమం ముంగిట్లో ఆ వానాకాలం బురదకు జారిపడి, నడుం పట్టుకుని గురువుగారిని అడిగాను.

"వీధిలో అందరూ వాకిళ్ళు సిమెంటు చేయించుకున్నారు. మనమూ చేయిద్దామండీ. మట్టే కదా, పోయేదేముంది?"

ఆయన నా నడుం వైపు జాలిగా చూశారు.

ఆ సాయంత్రమే పక్కవీధి కామేశ్వరమ్మగారు, పెళ్ళి కుదిరిన కూతురు వకుళను వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ చేతి పళ్ళెంలో పెళ్ళి పాలికలు: మన్ను నింపి నవధాన్యాలు చల్లిన అయిదు మూకుళ్ళు. ఒక్కదాంట్లోనూ మొలక లేదు. మగపెళ్ళివారి మామ్మగారు అది చూసి, పిల్లలో ఏదో దోషముంది, ఈ సంబంధం వద్దన్నారట. వకుళ తల ఎత్తలేదు.

"శాంతి ఏమైనా చేయించాలా స్వామీ?" కామేశ్వరమ్మగారు పళ్ళెం ముందుకు జరిపారు.

గురువుగారు ఒక మూకుట్లో వేలు గుచ్చబోయారు. దిగలేదు. పైన కట్టిన పెచ్చు ఊడదీస్తే కింద గింజలు కుళ్ళి ఉన్నాయి.

"ఈ మన్నెక్కడిదమ్మా?"

"మా వీధిలో మన్నెక్కడుందండీ! పక్కన అపార్ట్‌మెంటుకి పునాదులు తవ్వుతున్నారుగా, అక్కణ్ణించి తెచ్చాం. బాగా లోతులోది. పైగా జల్లెడ పట్టాం. ఒక్క పురుగు లేదు, ఎంత శుభ్రమో!"

ఆయన వకుళ చేతికి చిన్న గునపం ఇచ్చి మా ముంగిలి చూపించారు. ఆ పిల్ల పెళ్ళగించిన మట్టిలోంచి ఒక వానపాము మెలికలు తిరుగుతూ బయటపడింది.

"అమ్మో, పురుగు!" కామేశ్వరమ్మగారు వెనక్కి గెంతారు.

"ఉండనివ్వమ్మా. పెళ్ళిపెద్ద" అన్నారు గురువుగారు.

ఆ మట్టిలో మళ్ళీ చల్లిన గింజలు వారం తిరక్కుండా పచ్చగా లేచాయి. మామ్మగారు వచ్చి, మొలకల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. వెళ్తూ వకుళ తల నిమిరారు. ముహూర్తం నిలబడింది.

పెళ్ళిభోజనం చేసి వస్తూ మా వాకిట్లో మళ్ళీ బురద తొక్కాను. భోజనం నాకెప్పుడూ బుద్ధిదాకా వెళ్ళదు కనక, మళ్ళీ అడిగాను:

"మరి, సిమెంటు సంగతేం చేద్దామండీ?"

గురువుగారు కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండానే అన్నారు: "చేయించు నాయనా. రేపు ఇంకో పిల్ల తలొంచుకుని వస్తే మాత్రం, దోషం నీలోనే ఉందమ్మా అని నువ్వే చెప్పు."