నాగమల్లి కడుపులో సీతాకోకచిలుకలు

అనగనగా, మన ఊళ్ళో కాదులే, తంగేళ్ళపాడు అనే ఇంకో ఊళ్ళో, నీ అంత పిల్ల ఒకతె ఉండేది. పేరు నాగమల్లి.

ఆగవే, అడ్డం రాకు. రేపు బళ్ళో మైకు ముందు మాట్లాడాలని నీ కడుపులో ఏదో కొట్టుకుంటోందన్నావు కదా. దాన్నే ఇంగ్లీషువాళ్ళు కడుపులో సీతాకోకచిలుకలు అంటారని మీ టీచరు చెప్పిందన్నావు కదా. మనవాళ్ళేమో గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయంటారు. రైలుకంటే సీతాకోకచిలుకే నయం, కూత పెట్టదు. ఆ మాట మొదట ఏ దొర అన్నాడో నాకు తెలీదు. అవి నాగమల్లి కడుపులోకి ఎలా వెళ్ళాయో మాత్రం తెలుసు. విను.

ఆ ఊరి చివర తంగేడు పొదలు. పొదల నిండా పసుపు పూలు, పూల మీద సీతాకోకచిలుకలు. ఊరి మునసబుకి ఆ పొదలన్నీ కొట్టించి, వడ్లు నూర్చుకోను కళ్ళం వేయించాలని బుద్ధి పుట్టింది. తన పెరటి వైపు పొదలు ముందే కొట్టించేశాడు కూడా.

అప్పుడు నాగమల్లి ఒక సంగతి కనిపెట్టింది. పొదలున్న వైపు గుమ్మడిపాదులు నిండుగా కాస్తున్నాయి. కొట్టేసిన వైపు పూత పూసి రాలిపోతోంది. పువ్వు మీద వాలే జీవం లేకపోతే పిందె ఎలా కడుతుందే?

ఆ మాట ఇంట్లో చెప్పింది. వాళ్ళమ్మ అంది, "చూసింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే. ఆ పొదల మీద రేపే చావడిలో తీర్పు."

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. తీర్పు చెప్పేముందు మునసబు "కాదనేవాళ్ళున్నారా" అని మూడుసార్లు అడగాలి. మూడోసారికీ ఎవరి నోరూ పెగలకపోతే ఇక అంతే, ఆ మాటే ఖాయం.

మర్నాడు పొద్దున్నే నాగమల్లి పొదల దగ్గరికి వెళ్ళింది. అప్పుడు మూడు సీతాకోకచిలుకలు ఆమె ముక్కు ముందుకొచ్చాయి. ఒకటి పసుపుది, ఒకటి నల్లది, ఒకటి మట్టిరంగుది. "పిల్లా, మా పొద కొట్టేశారు. ఒక్కపూట తలదాచుకోనిస్తావా?" అన్నాయి. "ఎక్కడ?" అందామని నోరు తెరిచింది. అంతే, మూడూ లోపలికి దూరిపోయాయి.

ఆ తర్వాత ఇంక చూసుకో. కడుపులో ఒకటే రెపరెపలు. అమ్మ వాము నీళ్ళు తాగించింది, తగ్గలేదు. మేనత్త ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, తగ్గలేదు. నాన్న జాలిపడి, "పోనీ పడుకోవే తల్లీ, ఇంకెవరైనా చెబుతార్లే" అన్నాడు. పడుకుంది. పడుకుంటే ఇంకా ఎక్కువయ్యాయి.

అప్పుడు లేచి చావడికి నడిచింది.

మునసబు మొదటిసారి అడిగాడు. నాగమల్లి కాళ్ళు మంచులా చల్లబడ్డాయి. ఏంటే? దానికీ ఇంగ్లీషులో మాటుందా? ఉండనీ, కాళ్ళు వాళ్ళకీ ఉన్నాయిగా.

మునసబు రెండోసారి అడిగాడు. పెద్దవాళ్ళంతా చెప్పుల వంక చూసుకుంటున్నారు.

మూడోసారి అడిగాడు. అప్పుడు లోపలినుంచి పసుపుది అంది, "పిల్లా, మేం నిన్ను భయపెట్టడం లేదే. తలుపు తీయమంటున్నాం."

నాగమల్లి నోరు తెరిచింది.

"మునసబు తాతా, మీ పెరట్లో గుమ్మడిపాదు ఈ ఏడు బాగా కాసిందా?"

పసుపుది బయటికి ఎగిరింది. మునసబు మీసం సవరించుకున్నాడు. "పూత బాగానే పూసింది. కాయే నిలవలేదు. అయినా దానికీ దీనికీ ఏం సంబంధమే?"

"మా పాదు పొదల పక్కనే ఉంది. కాయల బరువుకి పందిరి ఒరిగిపోయింది. వచ్చి చూడండి."

నల్లది ఎగిరింది.

"ఉన్న పొదలు కూడా కొట్టేస్తే, రేపు ఊరంతా మీ పెరడే తాతా."

మట్టిరంగుది ఎగిరింది. చావడిలో అందరూ గొల్లున నవ్వారు. ఇంతలో వెనకనుంచి మునసబు పెళ్ళాం అందుకుంది, "పిల్ల చెప్పింది నిజమే. ఆ పాదు కోసం నేను మొక్కని దేవుడు లేడు. ఈయనేమో విత్తనం మంచిది కాదని అమ్మినవాడితో పోట్లాడి వచ్చాడు."

మునసబు పెళ్ళాం వంక ఓసారి చూశాడు. పెళ్ళాం ముందు ఏ మునసబు మాట్లాడాడు కనక. ఆ తర్వాత పాలేళ్ళని పిలిచి, "కత్తులు దింపండ్రా. కళ్ళం చెరువు అవతల వేసుకుందాం" అన్నాడు.

నాగమల్లి కడుపు ఖాళీ అయింది. ఎంత ఖాళీ అంటే, ఇంటికెళ్ళి మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

మళ్ళీ రాలేదా అంటావా? రాకేం. నోరు విప్పాల్సిన ప్రతిసారీ వచ్చాయి. పెళ్ళిచూపుల్లో వచ్చాయి, ఊరికి పెద్దయ్యాక తీర్పులు చెప్పే అరుగు మీదా వచ్చాయి. ఎప్పుడైనా రాకపోతే ఆవిడకే అనుమానం వచ్చేది, ఈవేళ నేను ఎవరి కోసం మాట్లాడుతున్నానా అని.

నీవి కూడా కొట్టుకోనీ బంగారం. పొద్దున దాకా వాటిని నిద్రపుచ్చు. మైకు ముందుకెళ్ళాక తలుపు తీద్దువుగాని.

కథ పోయె కంచికి,
కన్ను వాలె కునుక్కి,
మాట దాచు రేపటికి,
మనమింక ఇంటికి.