అడుగుజాడ పడని దారి

పడమటి కొండల దగ్గర్నుంచి తూర్పు సముద్రం దాకా పరుచుకున్న అడవి అది. ఎంత పెద్దదంటే, కొండల్లో పుట్టిన కోతి సముద్రం చూద్దామని బయల్దేరితే, చేరేసరికి దాని మనవలకి పెళ్లిళ్లయిపోయేవి. చెట్లు ఎంత ఎత్తంటే, మేఘాలు నడుం వంచుకుని కొమ్మల కిందనుంచి పోయేవి. దారులు మాత్రం లేవు. ఎవరింటికి వెళ్లాలన్నా ముళ్లలో దూరి, ఒంటిమీది బొచ్చు సగం అక్కడ వదిలి వెళ్లాల్సిందే.

ఇలా లాభం లేదని ఏనుగమ్మ ఒకరోజు అందర్నీ పిలిచింది. ఆవిడ తుమ్మితే మూడు కొండలకవతల మామిడికాయలు రాలేవి. ఆవిడ మాటంటే అందరికీ అంత గౌరవం.

"అడవి నాలుగు మూలల్నీ కలుపుతూ ఒకటే పెద్ద బాట వేద్దాం. వాగుల మీద వంతెనలకీ, బురదలో పరవడానికీ ఇంటికో వెదురు బొంగు ఇవ్వండి. తలా ఒక రోజు పని చెయ్యండి. ఎక్కువమంది నడిచే దారికి ఎక్కువ వెదురు. సరేనా?"

సరేనన్నారు. వెదురు పంచే పెద్దరికం నక్క జంబన్న తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. ఎక్కువమంది నడిచారని ఎలా తెలుస్తుందని ఎవరో అడిగేలోపే, "అడుగుజాడలు చూద్దాం. జాడలుంటే అది దారి, లేకపోతే కాదు," అని కట్టుబాటు కూడా తనే పెట్టేశాడు.

వినడానికి న్యాయంగానే ఉందని అందరూ తలూపారు. ఏనుగమ్మా ఊపింది.

నెల తిరిగేసరికి వెదురులో మూడొంతులు జంబన్న బొరియకి వెళ్లే దారికే పోయింది. ఆ దారిన నడిచేది జంబన్న ఒక్కడే. కాకపోతే పొద్దున లేచింది మొదలు పొద్దు గుంకేదాకా అటూ ఇటూ, అటూ ఇటూ నడుస్తూనే ఉండేవాడు. జాడలెవరివో చూడాలని కట్టుబాటులో లేదు మరి.

ఇక తూర్పున, ఒడ్డుకి కూతవేటు దూరంలో, నీళ్ల మధ్య ఒక దిబ్బ ఉంది. దాని మీద మేకల కాపురం. మొన్నటి తుఫానుకి, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత అల ఒకటి దిబ్బ మీదికెక్కింది. దిగేటప్పుడు ఊరికే దిగిందా? వాళ్లకున్న ఒక్క మంచినీళ్ల చెలమని ఉప్పుకషాయం చేసి మరీ దిగింది. అప్పట్నుంచి ఒడ్డున వాగులో నీళ్లే గతి. అవి తెచ్చేది తాబేలు తొందరయ్య ఒక్కడే. వీపున సొరకాయ బుర్ర కట్టుకుని పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తెచ్చేవాడు. నలభై మేకపిల్లలకి ఒక్క బుర్ర! పాపం, అరుద్దామని నోరు తెరిస్తే గొంతులోంచి ఇసుక రాలేది.

మేకల పెద్ద చుక్కమ్మ ఇక ఆగలేకపోయింది. సగం దూరం ఈదుతూ, సగం దూరం మునుగుతూ ఒడ్డుకొచ్చి, అక్కణ్నుంచి ఏనుగమ్మ సభకి వెళ్లింది.

"పెద్దమ్మా, మాకో తెప్ప కావాలి. ఇరవై బొంగులిస్తే చాలు. తెప్పుంటే రోజుకి వంద బుర్రలు దాటించుకుంటాం. లేదా, వచ్చే నెలకి మా దిబ్బ మీద పిల్లనేది మిగలదు."

జంబన్న గొంతు సవరించుకున్నాడు. "చూడు అక్కయ్యా, మనం అనుకున్నది బాటల సంగతి. నేల ఎక్కడ అయిపోతే అడవీ అక్కడ అయిపోయినట్టే. నీళ్లతో మనకేం పని?"

"మట్టి తొక్కడానికి పిలిచిన రోజున మేం అడవిలోవాళ్లమేనా? కొండదారి మొత్తం తొక్కింది మా మేకలే. నా గిట్టలు చూడు, అరిగి అరిగి మినపగుళ్లంత అయ్యాయి!"

"నేను కాదన్నానా తల్లీ? కట్టుబాటు ఒప్పుకోదు. నీళ్ల మీద ఒక్క అడుగుజాడ చూపించు, ఇరవై కాదు, నలభై బొంగులిస్తా."

సభంతా పకపకా నవ్వింది. ఒక ఎలుగుబంటి అయితే నవ్వి నవ్వి పక్కటెముక విరగ్గొట్టుకుంది. ఏనుగమ్మకి నవ్వు రాలేదు. కానీ తలూపి ఒప్పుకున్న మాట, వెనక్కెలా తీసుకుంటుంది?

చుక్కమ్మ ఒడ్డుకొచ్చి కూలబడి ఏడ్చింది.

"ఏడవకమ్మా," అన్నాడు తొందరయ్య. "కన్నీళ్లు కూడా ఉప్పే. పిల్లలకి పనికిరావు. ఇంతకీ ఆ జంబన్న సముద్రం ఎప్పుడైనా చూశాడా?"

"సముద్రమా! చెవుల్లోకి నీళ్లు పోతాయని వాడు స్నానమే చెయ్యడు తాతా."

"అయితే వాడికి ఆటుపోట్ల సంగతి తెలీదన్నమాట." తొందరయ్య డిప్పలోంచి మెడ బారెడు బయటికి చాచాడు. "అమావాస్య మర్నాడు మధ్యాహ్నం రమ్మని ఏనుగమ్మకి కబురు పెట్టు. జాడలు చూపిస్తామని చెప్పు."

అమావాస్యకీ పున్నమికీ అక్కడ సముద్రం బాగా వెనక్కి పోతుంది. ఒడ్డు నుంచి దిబ్బ దాకా కాసేపు తడి ఇసుక తేలుతుంది. మళ్లీ పోటు తగలగానే నీళ్లు వచ్చి మూసేస్తాయి. అంత ఆటు పక్షానికోసారి. దాహం మాత్రం రోజూ.

అనుకున్న రోజున ఏనుగమ్మ, జంబన్న, బండచాకిరీ చేసే దున్నపోతు గంగులు, వాళ్ల వెనక చోద్యం చూసేందుకు సగం అడవీ వచ్చి ఒడ్డున నిలబడ్డారు. అప్పటికే మేకలు పిల్లాజెల్లాతో ఇసుక మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి ఉన్నాయి. ఎన్ని జాడలంటే, ఆకాశంలో చుక్కలు తమ లెక్క చూసుకుని సిగ్గుపడాలి.

"ఇదిగో పెద్దమ్మా, సముద్రం మీద జాడలు," అంది చుక్కమ్మ.

జంబన్న వంగి జాడల్ని చూశాడు. నలభై బొంగులు పోతాయే! అంతలోనే బుర్రలో ఇంకో ఆలోచన మెరిసింది.

"ఇది సముద్రమా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు? శుభ్రంగా నేల! నేల మీద తెప్పెందుకు? ఇది బాట. బాట పని నాది. దీని మీద పరవడానికి అడుగుకో బొంగు చొప్పున నాకే ఇవ్వాలి."

"అంత గట్టిగా అనకు నాయనా," అన్నాడు తొందరయ్య. "ఇది సముద్రమే. కాసేపు అలా బయటికెళ్లింది."

"బయటికెళ్లిందా? ఎక్కడికి, సంతకా? కూరగాయలు తేవడానికా?" జంబన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఏనుగమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "తేల్చి చెప్పు జంబన్నా. నేలంటావా, నీళ్లంటావా?"

"నేలే పెద్దమ్మా! ఇప్పుడే నడిచి, కొలిచి చూపిస్తా."

అడుగుకో బొంగు కదా, జంబన్న అడుగులు చిన్నవి వేశాడు. చిన్నవంటే అలాంటిలాంటి చిన్నవి కాదు. వెనకనుంచి వచ్చిన చీమ, "కాస్త పక్కకి జరుగు బాబూ," అని దాటి పోయింది. నత్త ఒకటి జాలిపడి, "కాలు నొప్పా అన్నా?" అని అడిగింది. జంబన్న ఎవరికీ బదులు చెప్పలేదు, లెక్క తప్పుతుందని. తల వంచుకుని లెక్కపెడుతూనే ఉన్నాడు.

వెయ్యిన్నూట ఆరో అడుగు చల్లగా తగిలింది.

తలెత్తితే చుట్టూ నీళ్లు! గబగబా దగ్గర్లో ఉన్న ఇసుకమేట ఎక్కాడు. అది చూస్తూండగానే చాపంత అయింది, చాటంత అయింది.

"పెద్దమ్మోయ్! నీళ్లు!"

"ఏ నీళ్లు?" అంది ఏనుగమ్మ. "నేలన్నావుగా?"

"సముద్రం! అమ్మో, సముద్రం!"

"సరిగ్గా వినబడ్డం లేదు. కొండల దాకా వినపడాలి."

"సముద్రమేనమ్మోయ్!" ఆ కేకకి కొండల్లో నిద్రపోతున్న గబ్బిలాలు కూడా లేచి కూర్చున్నాయి.

ఏనుగమ్మ సాయానికి ఒక కాలు ముందుకు వేసింది. మోకాలి దాకా బురదలో దిగబడింది. నలుగురు పట్టి లాగితే వచ్చింది.

"తొందరయ్య తాతా! నువ్వైనా రా!"

"నా వీపు మీద సొరబుర్ర ఒకటే నిలుస్తుంది నాయనా. తెప్పుంటే ఈపాటికి వచ్చేవాణ్ని."

"అయితే కట్టి చావండయ్యా తెప్ప!"

"దేనితో? వెదురేదీ?"

జంబన్న ఆకాశం కేసి చూశాడు. నీళ్లు పొట్టకొచ్చాయి. మునికాళ్ల మీద లేచాడు. చెవుల వైపు ఒక తుంపర ఎగిరింది.

"మా బొరియ వెనక! మూడువందల బొంగులు! తాటాకులు కప్పి ఉన్నాయి! తీసుకోండి, అన్నీ తీసుకోండి!"

అడవి ముక్కున వేలేసుకుంది. గంగులు మాత్రం ఆగలేదు. జంబన్న అంత బాగా వేయించుకున్న దారి కదా, ఎక్కడా గులకరాయైనా అడ్డం రాలేదు. వెళ్లిన దుమ్ము కింద పడకముందే, మూపు మీద మోపు వేసుకుని తిరిగొచ్చాడు. కోతులు తీగలు చుట్టాయి. తొందరయ్య ముడులు వేశాడు. జీవితంలో ఆ ఒక్క పని తొందరగా చేశాడు. జంబన్న ముక్కు ఒక్కటే నీటిపైన తేలుతున్నప్పుడు తెప్ప వెళ్లి అతన్ని చెవి పట్టి ఎక్కించుకుంది.

రెండోసారి అదే తెప్ప వంద బుర్రల మంచినీళ్లతో దిబ్బకి చేరింది. పిల్లలు తాగిన తాగుడికి వాగు రెండంగుళాలు దిగిందట. పొట్టలు డోళ్లలా ఉబ్బాయి. చుక్కమ్మ అందరి తర్వాత తాగింది, చాలాసేపు తాగింది.

ఏనుగమ్మ ఆ సాయంత్రమే ఒడ్డున నిలబడి చెప్పింది. "నేను తలూపింది తప్పు. ఇకనుంచి మన బాట ఒడ్డు దగ్గర ఆగదు. తెప్ప దారి కూడా బాటే. దానికి వెదురు ముందు, మిగతా దారులకి తర్వాత. అవతల ఎవరున్నారో, వాళ్లకేం కావాలో అడిగి ఇద్దాం, జాడలు చూసి కాదు. తెప్ప నడిపేది జంబన్న."

"నేనా! నాకు నీళ్లంటే భయం పెద్దమ్మా!"

"అందుకే జాగ్రత్తగా నడుపుతావు."

నడుపుతున్నాడు. చెవుల్లో దూది, మెడలో నాలుగు ఖాళీ సొరబుర్రలు, కళ్లు గట్టిగా మూసుకుని గడ వేస్తూ. అల చిన్నది వచ్చినా మేకపిల్లలే అతని తోక పట్టుకుని, "భయపడకు మామా, మేమున్నాం," అని ధైర్యం చెబుతుంటాయి.

ఎదుటివాడికి దారి అక్కర్లేదని తేల్చేముందు, ఒక్కసారైనా వాడి ఒడ్డు నుంచి బయల్దేరి చూడాలి.